అల్ట్రావైడ్ తెర మీద వర్చువల్ మెషీన్: చిక్కు ఏ పొరలో ఉంది?

49 అంగుళాల మానిటర్ మీద వర్చువల్ మెషీన్‌ని (కంప్యూటర్ లోపల ప్రోగ్రామ్‌లా నడిచే ఇంకో కంప్యూటర్‌ని) ఫుల్‌స్క్రీన్ చేసినవాళ్ల నుంచి సాధారణంగా వినిపించే ఫిర్యాదులు మూడు. గెస్ట్ (లోపల నడిచే సిస్టమ్) డెస్క్‌టాప్ తెర మధ్యలో చిన్న పెట్టెలా నిలబడిపోయి చుట్టూ నలుపు మిగిలిపోవడం ఒకటి. తెర నిండినా అక్షరాలు మసకగానో, చీమ తలకాయంతగానో కనిపించడం ఇంకొకటి. అంతా సరిగ్గానే కనిపించినా విండో జరిపితే ఈడుస్తూ రావడం మూడోది. మూడింటికీ అందరూ చెప్పే మందు మాత్రం ఒకటే: గెస్ట్ అడిషన్స్ (గెస్ట్ లోపల పెట్టే సహాయక డ్రైవర్లు) తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. కొన్నిసార్లు అది పనిచేస్తుంది కూడా. పనిచేయనప్పుడు మాత్రం ఒక సాయంత్రం మొత్తం పోతుంది, ఎందుకు పోయిందో తెలియదు.

ఈ మూడూ వేర్వేరు సమస్యలు. మొదటిది సైజుది, రెండోది స్కేలింగ్‌ది, మూడోది వేగానిది. ఒకదానికి చేసిన చికిత్స ఇంకోదాన్ని ముదరబెట్టగలదు కూడా. అందుకే ఏ సెట్టింగ్ మార్చాలో వెతికే ముందు, బొమ్మ ఏ దారిన వస్తోందో ఒకసారి చూడటం మంచిదని నా అభిప్రాయం.

గెస్ట్‌లోని అప్లికేషన్ గీసిన బొమ్మ మన కంటిదాకా రావడానికి చాలా పొరలు దాటాలి. గెస్ట్ డెస్క్‌టాప్ ముందుగా ఒక సైజు ఎంచుకుంటుంది. గెస్ట్‌లోని డిస్‌ప్లే డ్రైవర్ దానికి ఒప్పుకోవాలి. హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్‌ని నడిపే ప్రోగ్రామ్) సృష్టించిన వర్చువల్ గ్రాఫిక్స్ కార్డులో ఆ బొమ్మకి చోటుండాలి. దాన్ని హోస్ట్‌లోని, అంటే అసలు కంప్యూటర్‌లోని, ఒక విండో అందుకుని చూపించాలి. ఆ విండోని హోస్ట్ ఆపరేటింగ్ సిస్టమ్ తన స్కేలింగ్ ప్రకారం సాగదీయొచ్చు. ఆ తర్వాత కేబుల్, చివరికి మానిటర్. 1920×1080 తెర మీద ఈ పొరలన్నీ ఒకే మాట మీద ఉంటాయి కాబట్టి అవి ఉన్నాయనే మనకి తెలియదు. 5120×1440కి వెళ్లగానే ఒక్కో పొర ఒక్కో చోట అడ్డం తిరుగుతుంది.

బయటి పొర నుంచి మొదలుపెడితే పని తేలిక. వర్చువల్ మెషీన్ మూసేసి, హోస్ట్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు రెండూ చూడండి. పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టున్న ల్యాప్‌టాప్ 5120×1440ని 60 హెర్ట్జ్‌లో ఇవ్వలేదు. రేటు 30కి దిగుతుంది, లేదా రిజల్యూషనే తగ్గిపోతుంది. 30 హెర్ట్జ్ తెర మీద మౌస్ ఈడుస్తుంటే అది వర్చువల్ మెషీన్ తప్పు కాదు. ఇంకో సంగతి. చాలా 49 అంగుళాల మానిటర్లలో రెండు ఇన్‌పుట్‌లను పక్కపక్కన చూపించే పిక్చర్ బై పిక్చర్ మోడ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే కంప్యూటర్‌కి కనిపించేది 2560×1440 తెర మాత్రమే. హోస్ట్‌కే తెలియని వెడల్పు గెస్ట్‌కి ఎక్కడి నుంచి వస్తుంది?

16 ఎంబీ దగ్గర ఆగిపోయే బొమ్మ

నలుపు అంచులకి నేను ముందుగా అనుమానించేది వీడియో మెమరీని. లెక్క సులువే. ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు చొప్పున వెడల్పుని ఎత్తుతో హెచ్చిస్తే ఒక ఫ్రేమ్‌కి ఎంత చోటు కావాలో తెలుస్తుంది. 1920×1080కి 7.9 ఎంబీ. 2560×1600కి 15.6 ఎంబీ. 3440×1440కి 18.9, 5120×1440కి 28.1, 5120×2160కి 42.2, 7680×2160కి 63.3 ఎంబీ.

ఇప్పుడు డిఫాల్ట్‌లు చూడండి. వర్చువల్‌బాక్స్ అనే హైపర్‌వైజర్‌లో చాలా లినక్స్ గెస్ట్‌లకు మొదట ఇచ్చేది 16 ఎంబీ వీడియో మెమరీ. క్యూఎము అనే ఇంకో హైపర్‌వైజర్‌లోని మామూలు వీజీఏ కార్డుకీ, క్యూఎక్స్‌ఎల్ కార్డు ఫ్రేమ్‌బఫర్‌కీ (బొమ్మ ఉంచుకునే మెమరీకీ) డిఫాల్ట్ 16 ఎంబీయే. అంటే 2560×1600 దాకా సరిగ్గా పడుతుంది, 34 అంగుళాల 3440×1440 తెర రాగానే పొంగిపోతుంది. చోటు చాలకపోతే డ్రైవర్ ఎర్రర్ చూపించాలని లేదు. పట్టని మోడ్‌ని జాబితాలోంచి తీసేసి ఊరుకుంటుంది. గెస్ట్ సెట్టింగ్స్‌లో మన రిజల్యూషన్ అసలు కనిపించకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ఎర్రర్ లేదు కాబట్టి మనం డ్రైవర్‌ని, టూల్స్‌ని, చివరికి మానిటర్‌ని కూడా తిట్టుకుంటాం.

పైగా ఒక ఫ్రేమ్‌కి సరిపడా ఉంటే చాలదు. ఈ కాలం డెస్క్‌టాప్‌లు ఒక ఫ్రేమ్ చూపిస్తూనే ఇంకోదాన్ని వెనక సిద్ధం చేస్తుంటాయి కాబట్టి రెండు మూడింతలు చోటు ఉంచాలి. వర్చువల్‌బాక్స్‌లో మెషీన్‌ని పూర్తిగా ఆపి (సస్పెండ్ చేస్తే కుదరదు), సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లే పేజీలో వీడియో మెమరీని 128 ఎంబీకి పెంచేయండి. ఈ రోజుల్లో ఇక్కడ పొదుపు చేయడంలో అర్థం లేదు. ఒకే మెషీన్‌కి రెండు తెరలు ఇచ్చారంటే ఆ 128లోనే రెండూ సర్దుకోవాలన్నది గుర్తుంచుకోండి.

క్యూఎముని వర్ట్-మేనేజర్ ప్రోగ్రామ్‌తో వాడేవాళ్లకి ఇది ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో ఉంటుంది. వీడియో విభాగంలో వీజీఏమెమ్ అనే విలువ 16384 కిలోబైట్లు అని కనిపిస్తుంది. 5120×1440కి 32768 సరిపోతుంది. 7680×2160 అయితే 65536 పెట్టి, పక్కనున్న ర్యామ్ విలువని కనీసం దానికి రెట్టింపు చేయాలి. అయితే కొత్త లినక్స్ గెస్ట్ అయితే నేను క్యూఎక్స్‌ఎల్‌ని వదిలేసి వర్టియో కార్డునే ఎంచుకుంటాను. అది గెస్ట్ ర్యామ్‌లోంచే చోటు తీసుకుంటుంది కాబట్టి ఈ 16 ఎంబీ గోడ దానికి లేదు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 నుంచి, క్యూఎక్స్‌ఎల్‌కి జోడీగా ఉండే స్పైస్ అనే రిమోట్ డిస్‌ప్లే పద్ధతిని తీసేశారు కూడా. క్యూఎక్స్‌ఎల్ చుట్టూ కొత్త సెటప్ కట్టుకోవడానికి ఇది సమయం కాదు.

వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో తేడా ఏమిటంటే, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో హోస్ట్ మానిటర్ సెట్టింగ్‌నే వాడమని చెప్పొచ్చు, లేదా ఒక మానిటర్‌కి గరిష్ఠ రిజల్యూషన్ ఇంత అని మనమే రాయొచ్చు. ఎప్పుడో చిన్న ల్యాప్‌టాప్ మీద తయారుచేసిన మెషీన్‌ని ఇప్పుడు పెద్ద తెర మీద తెరిస్తే ఆ పాత గరిష్ఠం అలాగే ఉండిపోయి ఉండొచ్చు. వర్క్‌స్టేషన్ ప్రో 2024 నవంబర్ నుంచి అందరికీ ఉచితమైంది కాబట్టి, వర్చువల్‌బాక్స్‌లో తేలని సమస్యని అదే గెస్ట్‌తో ఇక్కడ పరీక్షించి చూడటం కూడా ఒక దారి.

సైజు ఎంతో ఎవరు చెప్పాలి?

చోటు ఉన్నంత మాత్రాన గెస్ట్ దానంతట అదే పెద్దదవదు. విండో ఎంత వెడల్పుందో గెస్ట్‌కి ఎవరో ఒకరు చెప్పాలి. గెస్ట్ అడిషన్స్, వీఎంవేర్ టూల్స్, స్పైస్ ఏజెంట్ లాంటివి చేసే పని ఇదే. వర్చువల్‌బాక్స్ వ్యూ మెనూలో గెస్ట్ డిస్‌ప్లేని ఆటోమేటిక్‌గా సర్దే ఆప్షన్ బూడిదరంగులో ఉందంటే అడిషన్స్ నడవడం లేదని అర్థం. లినక్స్ గెస్ట్‌లో కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) అప్‌డేట్ అయ్యాక ఇది తరచుగా జరుగుతుంది. ఉబుంటులో వీఎంవేర్ కోసం ఓపెన్-వీఎం-టూల్స్ ఒక్కటే పెట్టి ఆగిపోయేవాళ్లు చాలామంది. తెర సైజు సర్దుబాటు కోసం దాని డెస్క్‌టాప్ ప్యాకేజీ విడిగా పెట్టాలి.

అడిషన్స్ ఉన్నా పని జరగకపోతే గ్రాఫిక్స్ కంట్రోలర్ (ఏ రకం వర్చువల్ కార్డు అన్నది) చూడండి. వర్చువల్‌బాక్స్‌లో లినక్స్ గెస్ట్‌కి వీఎంఎస్‌వీజీఏ, విండోస్ గెస్ట్‌కి వీబాక్స్‌ఎస్‌వీజీఏ సరైన జోడీ. తారుమారైతే సెట్టింగ్స్ పేజీ కింద హెచ్చరిక కనిపిస్తుంది. దాన్ని చూసీచూడనట్టు వదిలేయకండి. ప్రిఫరెన్సెస్‌లో గరిష్ఠ గెస్ట్ స్క్రీన్ సైజు అని ఇంకో గడి ఉంది. అది ఆటోమేటిక్ మీద ఉండి ఇబ్బంది పెడుతుంటే నన్ అని మార్చాలి. ఇవన్నీ దాటాక కూడా మోడ్ జాబితాలో లేకపోతే, ఆ మెషీన్‌కి 5120×1440×32 అనే సొంత వీడియో మోడ్‌ని కమాండ్ టూల్‌తో జోడించే వీలుంది.

మైక్రోసాఫ్ట్ హైపర్‌వైజర్ హైపర్-వీది వేరే దారి. మామూలు సెషన్‌లో విండోస్ గెస్ట్ 1920×1080 దగ్గరే ఆగుతుంది. ఎన్‌హాన్స్‌డ్ సెషన్‌కి మారితే బొమ్మ రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతిలో వస్తుంది కాబట్టి ఆ హద్దు పోతుంది. లినక్స్ గెస్ట్‌లోని పాత హైపర్-వీ ఫ్రేమ్‌బఫర్ డ్రైవర్‌కీ అదే 1920×1080 హద్దు. కెర్నల్ 5.14తో దాని స్థానంలో కొత్త డ్రైవర్ వచ్చింది.

లినక్స్ గెస్ట్‌లో టెర్మినల్ తెరిచి చేత్తో కొత్త మోడ్ జోడించే చిట్కా బాగా ప్రచారంలో ఉంది. పరీక్షకి అది పనికొస్తుంది. శాశ్వత పరిష్కారంగా మాత్రం నేను సిఫార్సు చేయను. లాగౌట్ అయితే పోతుంది, వేలాండ్ (లినక్స్‌లో తెరని నడిపే కొత్త పద్ధతి) సెషన్‌లో అసలు పనిచేయదు. అన్నిటికన్నా ముఖ్యంగా, మెమరీయో ఏజెంటో సరిగా లేదన్న అసలు సంగతిని కప్పేస్తుంది.

4కే తెర మీద వచ్చింది, ఇక్కడెందుకు రాదు?

ఈ ప్రశ్న న్యాయమైనదే. 3840×2160 తెరలో దాదాపు 83 లక్షల పిక్సెళ్లుంటాయి. 5120×1440లో ఉండేవి 74 లక్షలే. ఎక్కువ పిక్సెళ్లున్న తెర మీద నడిచింది తక్కువ ఉన్నదాని మీద మొరాయించడం వింతగానే ఉంటుంది. జవాబు మొత్తం పిక్సెళ్లలో లేదు, వెడల్పులో ఉంది.

మానిటర్ తన వివరాలను కంప్యూటర్‌కి చెప్పుకోవడానికి ఈడీఐడీ అనే చిన్న డేటా ముక్క ఉంటుంది. వెసా సంస్థ దాన్ని 1994లో ప్రమాణంగా తెచ్చింది. మూల భాగం 128 బైట్లే. అందులో ఒక్కో వివరమైన మోడ్‌కి 18 బైట్లు కేటాయించి, అడ్డంగా ఎన్ని పిక్సెళ్లున్నాయో చెప్పడానికి 12 బిట్లు ఇచ్చారు. 12 బిట్లలో పట్టే పెద్ద సంఖ్య 4095. ఆ రోజుల్లో అది చాలా ఎక్కువ. 4కే తెర వెడల్పు 3840 కాబట్టి ఇందులో ఇమిడిపోయింది. 5120 ఇమడదు. అంత వెడల్పు చెప్పాలంటే డిస్‌ప్లే ఐడీ లాంటి అదనపు భాగం జోడించాలి, అవతలి డ్రైవర్‌కి దాన్ని చదవడం రావాలి.

వర్చువల్ మెషీన్‌లో మానిటరూ కల్పితమే కాబట్టి ఈ ఈడీఐడీని హైపర్‌వైజరే రాసి గెస్ట్‌కి ఇస్తుంది. కొత్త క్యూఎము ఆ అదనపు భాగాన్ని రాస్తుంది. పాత క్యూఎము, లేదా పాత కెర్నల్ ఉన్న గెస్ట్ అయితే కథ 4095 దగ్గరే ముగుస్తుంది. ఇదే చోట ఇంకో గోడ కూడా ఉంది. విండోస్ డైరెక్ట్3డీ 9_3 స్థాయి గ్రాఫిక్స్‌లో ఒక టెక్స్‌చర్ (కార్డు ఒకేసారి పట్టుకునే బొమ్మ) 4096 పిక్సెళ్లు దాటకూడదు. 10 స్థాయిలో ఆ హద్దు 8192, 11లో 16384. వర్చువల్ కార్డు పాత స్థాయినే అందిస్తుంటే, 3డీ యాక్సిలరేషన్ ఆన్ చేసినప్పుడు మాత్రమే తెర నల్లగా అయిపోవచ్చు.

కనిపెట్టడం తేలికే. వర్చువల్ మెషీన్‌ని ఫుల్‌స్క్రీన్ చేయకుండా విండోలో ఉంచి, అంచు పట్టుకుని నెమ్మదిగా వెడల్పు చేయండి. 4000 దాకా బాగా సాగి, 4100 దాటగానే ఆగిపోయినా, చెదిరిపోయినా కారణం ఈ గోడే. ముందు హైపర్‌వైజర్‌ని, గెస్ట్ కెర్నల్‌ని కొత్త వెర్షన్‌కి తీసుకెళ్లండి. అంతకన్నా చాలా ముందే ఆగిపోతే మళ్లీ వీడియో మెమరీ దగ్గరికి వెళ్లాలి. రెండూ ఒకేలా కనిపించే సమస్యలే. ఆగిన చోటే వాటిని విడదీస్తుంది.

మసక అక్షరాలు, తప్పిపోయే మౌస్

స్కేలింగ్ విషయంలో నేను గట్టిగా నమ్మే సూత్రం ఒకటుంది: ఒకే ఒక్క పొరలో చేయండి. హోస్ట్‌లో 150 శాతం, వర్చువల్‌బాక్స్‌లో సొంత స్కేల్ ఫ్యాక్టర్, గెస్ట్‌లో మళ్లీ 125 శాతం అని మూడు చోట్లా తిప్పితే ఏది దేన్ని సాగదీస్తోందో ఎవరికీ అంతుపట్టదు.

మసక ఎందుకొస్తుందంటే, గెస్ట్ బొమ్మ అప్పటికే పిక్సెళ్లుగా గీసేసిన బొమ్మ. హోస్ట్ దాన్ని ఒకటిన్నర రెట్లు సాగదీస్తే ఒక పిక్సెల్ ఒకటిన్నర పిక్సెళ్ల మీద పరుచుకోవాలి, అంచులు కరిగిపోతాయి. ఇంగ్లిష్ అక్షరాలు దీన్ని కొంతవరకు తట్టుకుంటాయి. తెలుగు తట్టుకోదు. మన లిపిలో 'కి'కీ 'కీ'కీ తేడా పైన ఉన్న చిన్న మలుపు, వత్తులు అసలు అక్షరంలో సగం కూడా ఉండవు. గెస్ట్‌లో తెలుగు డీటీపీ, సబ్‌టైటిళ్లు, అనువాదం లాంటి పనులు చేసేవాళ్లకి ఇది కంటికి నొప్పి మాత్రమే కాదు, ప్రూఫ్‌లో తప్పులు దొర్లే దారి కూడా.

కాబట్టి గెస్ట్ పిక్సెల్ ఒకటి, మానిటర్ పిక్సెల్ ఒకటి అన్నట్టు ఉంచి, అక్షరాలు చిన్నవైతే గెస్ట్ లోపల పెంచండి. అప్పుడు గెస్ట్ అక్షరాలను పెద్ద సైజులో కొత్తగా గీస్తుంది, బొమ్మని సాగదీయదు. విండోస్ హోస్ట్‌లో వర్చువల్ మెషీన్ ప్రోగ్రామ్ ప్రాపర్టీస్‌లో, కంపాటిబిలిటీ కింద, హై డీపీఐ స్కేలింగ్‌ని అప్లికేషనే చూసుకోవాలని ఎంచుకుంటే విండోస్ జోక్యం ఆగుతుంది. మాక్‌లో యూటీఎం అనే వర్చువల్ మెషీన్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రెటీనా మోడ్ అనే ఆప్షన్ ఉంది, అదీ ఇలాంటి పనికే.

గెస్ట్‌లో ఒక చోట నొక్కితే ఇంకో చోట క్లిక్ అవుతోందా? మౌస్‌ని అనుమానించకండి. బొమ్మ సైజు మీద రెండు పొరలు రెండు లెక్కలు వేస్తున్నాయన్నమాట. స్కేలింగ్ ఒక చోటికి తెస్తే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. ల్యాప్‌టాప్ తెర 200 శాతం, బయటి మానిటర్ 100 శాతం ఉన్నప్పుడు వర్చువల్ మెషీన్ విండోని అటూ ఇటూ లాగితే ఈ తేడా ఎక్కువగా వస్తుంది. ఏ తెర మీద వాడాలో ముందే అనుకుని అక్కడే తెరవడం మేలు.

అసలు స్కేలింగ్ అవసరమా అన్నది కూడా ఆలోచించాలి. 49 అంగుళాల 5120×1440 తెరలో అంగుళానికి దాదాపు 109 పిక్సెళ్లు. 34 అంగుళాల 3440×1440లోనూ దాదాపు అంతే. ఈ సాంద్రతలో 100 శాతమే హాయిగా చదవొచ్చు. 40 అంగుళాల 5120×2160, 57 అంగుళాల 7680×2160 తెరల్లో అది 140 దగ్గరికి వెళ్తుంది, స్కేలింగ్ లేకుండా అక్కడ కుదరదు.

అప్పుడు కూడా లినక్స్ గెస్ట్‌లో 125 శాతం పెట్టేముందు ఒక లెక్క చూడండి. ఉబుంటు ఎక్స్11 (వేలాండ్‌కి ముందున్న పాత పద్ధతి) సెషన్‌లో ఈ భిన్న స్కేలింగ్ అంటే, ముందు అంతా 200 శాతంలో గీసి తర్వాత కుదించడం. 5120×1440ని 1.25తో భాగిస్తే 4096×1152, దానికి రెట్టింపు 8192×2304. మన తెరకన్నా రెండున్నర రెట్లు పెద్ద బొమ్మ అది. ఒక్క ఫ్రేమే 72 ఎంబీ. నిన్నటిదాకా బాగున్న మెషీన్ స్కేలింగ్ మార్చగానే కుప్పకూలితే కారణం ఇదే కావొచ్చు. దీనికన్నా స్కేలింగ్ 100 శాతంలోనే ఉంచి, యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో పెద్ద అక్షరాల ఆప్షన్ పెట్టుకోవడం ఎంతో తేలిక. మెమరీ పెరగదు, అక్షరాలూ స్పష్టంగా ఉంటాయి.

వేగం

5120×1440ని సెకనుకి 60 సార్లు మార్చాలంటే దాదాపు 177 కోట్ల బైట్లు కదలాలి. 1920×1080 కన్నా మూడున్నర రెట్లు. 3డీ యాక్సిలరేషన్ లేకపోతే లినక్స్ గెస్ట్‌లో ఆ బొమ్మంతా ప్రాసెసరే గీస్తుంది. గెస్ట్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ వివరాల దగ్గర గ్రాఫిక్స్ అన్నచోట ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉందంటే అదే జరుగుతోంది. యాక్సిలరేషన్ ఆన్ చేసి చూడండి. దాంతో తెర మినుకుమినుకుమంటే ఆఫ్ చేసి, యానిమేషన్లు ఆపేయండి, లేదా ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికైన డెస్క్‌టాప్‌కి మారండి.

విండోస్ హోస్ట్‌లో వర్చువల్‌బాక్స్ కింది పట్టీలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే చిక్కు తెరది కాదు. హైపర్-వీ వెనక నడుస్తోంది, వర్చువల్‌బాక్స్ దాని మీద ఆధారపడి నెమ్మదిగా పనిచేస్తోంది. విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే భద్రతా సెట్టింగ్ వల్ల కూడా ఇలా జరుగుతుంది. దాన్ని తీసేయడం భద్రత తగ్గించుకోవడమే కాబట్టి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఆ జోలికి పోకుండా గెస్ట్‌ని హైపర్-వీలోకే మార్చుకోవడం నయం.

అంత పెద్ద తెర మొత్తాన్నీ గెస్ట్‌కి ఇవ్వాల్సిన పని నిజానికి తక్కువసార్లే వస్తుంది. సగం తెరలో, అంటే 2560×1440 విండోలో గెస్ట్‌ని నడిపితే పైన చెప్పిన 16 ఎంబీ గోడ, 4095 గోడ రెండూ అడ్డురావు. పక్క సగంలో హోస్ట్ పని చేసుకోవచ్చు. వెడల్పంతా కావాల్సిందల్లా వీడియో ఎడిటింగ్ టైమ్‌లైన్, పెద్ద స్ప్రెడ్‌షీట్ లాంటివాటికే. ఆ గెస్ట్ విండోస్ ప్రో అయితే వర్చువల్ మెషీన్ విండోని మూసేసి, రిమోట్ డెస్క్‌టాప్‌తో కనెక్ట్ అవ్వండి. విండోస్ హోమ్‌కి ఆ సౌకర్యం లేదు. తెర సైజు, స్కేలింగ్ రెండూ ఆ కనెక్షన్‌తో పాటే వెళ్తాయి, వర్చువల్ గ్రాఫిక్స్ కార్డుతో పని ఉండదు. లినక్స్ గెస్ట్‌లో కోడ్ రాయడమే పనైతే ఎస్‌ఎస్‌హెచ్‌తో (బయటి నుంచి టెర్మినల్ తెరిచే పద్ధతితో) లోపలికి వెళ్లి, ఎడిటర్‌ని హోస్ట్‌లోనే తెరుచుకోండి.